పద్దెనిమిది వందల నలభై

నిన్న పద్దెనిమిది వందల ఇరవై.
ఈవేళ ఇంకో ఇరవై పెరిగితే
ఇంటికి పంపేస్తామన్నారు.
ఇరవై గ్రాములంటే ఎంతో నా వేళ్ళకి తెలుసు.
నడిరకం జీడిపప్పు, పద్నాలుగు గుండ్లు.
రాత్రంతా ఆ పద్నాలుగూ లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను.

పలాసలో పదకొండేళ్ళుగా పప్పు వలుస్తున్నదాన్ని.
గుండు, బద్ద, ముక్క,
పావుకిలో ఎక్కడ ఆగుతుందో
కళ్ళు మూసుకుని చెప్తాను.
పన్నెండు వందల అరవైతో పుట్టినదాన్ని
చేతిలో పెట్టిన రోజు మాత్రం
ఏమీ లేనట్టే ఉంది.
గుడ్డ బరువే.

మొదటి రోజు సిస్టరుతో తగువు.
"మళ్ళీ రుద్దమ్మా, నలుపు పోలేదు."
"మురికి కాదండి, జీడి."
తోలు తిన్న రసం, సబ్బుకి లొంగుతుందా?
గోడ మీది బొమ్మలో ఉన్నట్టు
ఆరు రకాలుగా రుద్ది చూపించాను.
ఆ చేతులతోనే ముప్పై రెండు రోజులు
రవిక గుండీలు తీసి
కప్పపిల్లలా గుండెకి అతికించుకున్నాను.

ముల్లు తిరగదు ఈ తూకానికి, అంకెలు మెరుస్తాయి.
నలభై.
సిస్టరు రెండుసార్లు తూచింది, నాకోసం.

మా ఆయన దండాసి ఊలుటోపీ తెచ్చాడు.
ఏడాది పిల్లదానికి సరిపోయేది.
పెడితే గెడ్డం దాకా దిగింది.
అందరం నవ్వాం, అతనొక్కడూ తప్ప.

అత్త పాతచీర నాలుగు ముక్కలు,
ఉతికి ఉతికి పాలమీగడైనది, లోపల చుట్టాం.

రెండు గంటలకోసారి పాలు,
నిద్దరోతే లేపి మరీ.
కాళ్ళు చల్లబడితే గుండెకి కట్టుకో.
నలుగొద్దు. సాంబ్రాణి పొగొద్దు.
"మరింక నాకేటి మిగిలింది?" అంది అత్త.
"మీ ఒళ్ళుంది కదా మామ్మా,
పూటకో గంట మీరూ మోయండి."
అత్త తన పైట వంక చూసుకుంది,
అక్కడేముందో ఇప్పుడే తెలిసినట్టు.

ఆవిడ పేరు తవిటమ్మ.
ముందు నలుగురు పోయాక పుట్టి,
చేటలో పడుకోబెట్టి, పరాయామెకిచ్చి
తవుడుతో తిరిగి కొనుక్కున్న పిల్ల.
ఎంత బరువు పుట్టిందో ఎవరూ తూచలేదు.
ఎంత తవుడు పోశారో తనకీ తెలీదు.
దోసెడో, సోలెడో.

తెల్లారే చేట తెచ్చింది. వాచ్‌మేన్ ఆపేశాడు.
కొంగుముడిలో తవుడు మాత్రం లోపలికొచ్చేసింది.
"ఎవులన్నా ఓపాలి అట్టుకుని మాకు అమ్మండర్రా."

వార్డంతా నవ్వుకుంటూ తలలు తిప్పుకుంది.
పక్కమంచం సుక్కాయి చేతులు చాపింది.
సీతంపేట కొండ మీది పిల్ల.
దాని బిడ్డ ఇంకా అద్దం వెనకే,
పదకొండు వందల దగ్గర
వారంనుంచి కదలకుండా.
అందుకే పొద్దున్నుంచీ సంచీ కూడా
చప్పుడు కాకుండా సర్దుతున్నాను.

సుక్కాయి నా పిల్లని ఎత్తుకుంది. ఒక క్షణం ఎక్కువే ఎత్తుకుంది.
తవుడు తీసుకుని తన కొంగున ముడేసింది.
"ఉంచుతాను. నా దాన్ని మీరొచ్చి అమ్ముదురుగాని."
ఎవరం మాట్లాడలేదు.
అత్త ఆ ముడిని ఇంకోసారి బిగించింది.

మణికట్టు పట్టీ కత్తిరించారు.
"బేబీ ఆఫ్ ఢిల్లేశ్వరి."
ఇంకా పేరు లేదు దానికి,
పట్టీ పర్సులో పెట్టుకున్నాను.

తల్లీబిడ్డ బండిలో
కిటికీ మూయమంటాడు అతను, తెరవమంటుంది అత్త.
టెక్కలి దాటాక రెండు గంటలయింది.
పక్కన ఆపించి
అరికాలు గీకి లేపాను.
ఉగ్గుగిన్నె అంచు పెదవికి తగలగానే
నాలుక చాపింది, పిల్లికూనలా.

ఇక్కడ తూచేవాళ్ళు లేరు.
నల్లటి చేతులు రెండు, వాటిలో ఇది.
"ఎంతుంటాదే?" అన్నాడు దండాసి.
చెయ్యి కాస్త పైకీ కిందకీ ఆడించి చూశాను.

"ఉంది."