మబ్బు పట్టని శనివారం

అనంతపురంలో పుట్టి
మబ్బు పట్టకూడదని మొక్కుకునే ఉద్యోగం నాది.

నెలకో శనివారం
సైన్సు మ్యూజియం మేడ మీద టెలిస్కోపు తుడిచి,
టార్చికి ఎర్ర గాజుకాగితం చుట్టి,
పడమటి దిక్కు దొంగలా చూస్తాను.
అదే గంటకి మా నాయన
నార్పల దగ్గర చేని గట్టు మీద నిలబడి
అదే దిక్కు చూస్తుంటాడు.
ఆయన రమ్మంటాడు, నేను వద్దంటాను.
ఇంట్లో ఈ మాట ఎత్తం.

ఆ రాత్రి ఆకాశం కడిగి బోర్లించిన పళ్లెం.
నా మొక్కే చెల్లింది.

కింద హాల్లో ఫ్యాన్ల చప్పుడు మీదుగా
నఫీసా మేడమ్ చెబుతోంది:
గురుగ్రహానికి ఒక చంద్రుడున్నాడు,
ఒళ్లంతా మంచు, మంచు కింద సముద్రం ఉందంటారు,
మన సముద్రాలన్నీ కలిపినా అంతకన్నా తక్కువేనట.

వెనక వరసలో ఒక చెయ్యి లేచింది.
పన్నెండేళ్లు బోరు లారీ మీద పనిచేసిన కుళ్లాయప్ప,
ఏడో తరగతి కూతురు లాక్కొస్తే వచ్చినాయన.
"ఎన్నడుగులు మేడమ్?"

హాలంతా నవ్వింది. కూతురు తలొంచుకుంది.
మేడమ్ నవ్వలేదు.
"కచ్చితంగా ఎవరికీ తెలీదు.
పదిహేను కిలోమీటర్ల పైమాటే అంటారు."

ఆయన వేళ్లు ముడుచుకుంటూ లెక్కేశాడు.
"యాభై వేలు.
అంత కేసింగు యాడ దొరుకుతాదిలే."
కూర్చోబోయి, మళ్లీ నిలబడి,
"అయినా నీళ్లుండాయని తెలిసి తవ్వేది వేరు కదమ్మా."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మేడ మీద ఆయన వంతొచ్చింది.
బోరులోకి తొంగిచూసే అలవాటేమో
ఎవరూ చెప్పకుండానే ఒక కన్ను మూశాడు.
వెనక క్యూలో పిల్లలు తోసుకుంటున్నారు,
హోంగార్డు బషీరు విజిలేస్తున్నాడు,
ఆయన కదల్లేదు.
"ఏం కనపడతాంది?" అన్నాను.
"చుక్కలుమా. నాలుగు చుక్కలు."
ఎన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా
ఆ మాట వింటే నాకు ముందు నీళ్లే తోస్తాయి.

తల పైకెత్తి అడిగాడు:
"ఆరుద్ర కార్తె నడస్తాంది గదా,
ఆ ఆరుద్ర యాడుందో సూపీమ్మా, ఒక మాట అడగాల."
చెప్పాను: ఈ నెలంతా అది సూర్యుడి పక్కనే ఉంటుందనీ
పగలంతా మన నెత్తి మీదే తిరుగుతుందనీ
రాత్రి మాత్రం కనపడదనీ.
"అదేలే. బాకీ ఉన్నోడు ఎదురుపడతాడా!"

నవ్వాడు. నేనూ నవ్వాను.
కూతురు మాత్రం నోటుపుస్తకంలో రాసుకుంది,
బాకీ సంగతి కాదు, సూర్యుడి సంగతి.

పదకొండుకి అందరూ వెళ్లిపోయాక
మూత పెట్టబోతూ ఒకసారి కన్ను ఆనించాను.
గురుడు జరిగిపోయాడు.
గొట్టం నిండా నలుపు.
కుళ్లాయప్పయితే
దుమ్ము బోరని లారీ ఎక్కేసేవాడు.

ఫోను మోగింది. నాయన.
"మీ గొట్టంలో మబ్బేమన్నా కనపడిందా?"
"లేదు నాయనా, ఆకాశం తేటగా ఉంది."
"ఊఁ" అన్నాడు.
అది ఎవరి పుణ్యమో చెప్పలేదు నేను.

మెట్లు దిగుతుంటే బళ్లారి వైపు
ఒకే ఒక్క మెరుపు,
ఎవరో అగ్గిపుల్ల గీసి ఆర్పేసినట్టు.
రెండో మెట్టు మీద ఆగాను.

వచ్చే శనివారానికి ఏమని మొక్కుకోవాలో
ఇంకా తేల్చుకోలేదు.