బంతి తర్వాత మట్టి

ముడసర్లోవ మీదికి ఇంకా ఎండ దిగలేదు.
ఏడో నంబరు ఐరన్ పట్టుకుని
మళ్ళీ బంతికి నాలుగంగుళాలు వెనక
నేలని కొట్టాను.

థప్.
తడి గోనెసంచి మెట్ల మీంచి జారిపడ్డ చప్పుడు.
గడ్డిపెళ్ళ బంతి కన్నా ముందు ఎగిరింది.
బంతి మొహమాటానికి లేచినట్టు లేచి
ముప్పై గజాల్లో కూలబడింది.

ముప్పై ఒక్క ఏళ్ళు డ్రెడ్జర్ మీద పనిచేశాను నేను.
హార్బరు కాలవ అడుగున ఎంత తవ్వాలో
జానెడు తేడా లేకుండా చెప్పేవాణ్ణి.
డాల్ఫిన్ నోస్ నీడలో
సముద్రాన్ని గీకి గీకి ఓడలకి దారిచ్చిన చేతులివి.
వీటికి ఇప్పుడు
అట్టు మందాన ఒక పచ్చిక ముక్క తీయడం రాదు.

కోచ్ కుర్రాడు ఫోన్లో వీడియో ఆపి ఆపి చూపించాడు.
"బరువు కుడికాలి మీదే ఉండిపోతోంది సార్,
మణికట్టు ముందే విప్పేస్తున్నారు,
బంతిని లేపాలని చూస్తున్నారు. లేపకండి.
కిందికి కొట్టండి, అదే లేస్తుంది."
అర్థమైందన్నాను.
అర్థమైంది తలకి. గుంట పడేది నేల మీద.

నా వెనకే అసిరమ్మ వస్తుంది,
ఇసుకలో గడ్డివిత్తనం కలిపిన బకెట్ తో.
మేం చేసిన గాయాలు పూడ్చడం ఆవిడ ఉద్యోగం.
కొట్టిన మనిషిని చూడకుండానే గుంట చూసి చెప్పేస్తుంది:
"ఇది డాకటేరు బాబుది, ఎడం పక్కకి తిరిగిపోయుంటాది.
ఇది నేవీ కుర్రోడిది, పల్చగా, దోస తీసినట్టు.
ఇది నీది బాబూ.
నుయ్యి."

వాన వెలిసిన ఒక మంగళవారం
బకెట్ కింద పెట్టి అడిగింది:
"గడ్డి ఎప్పుడేనా కోసినావా?"
లేదన్నాను.
"సెయ్యి ముందెల్తాది. కొడవలి ఎనకాల వొస్తాది.
కొడవలి ముందెల్లిపోయిందా,
తెగేది గడ్డి కాదు."
చీర కుచ్చిళ్ళు బెత్తెడు ఎత్తి
పిక్క మీద తెల్లటి మచ్చ చూపించింది.

తర్వాత గుప్పెడు ఇసుకతో
నా కాళ్ళ ముందు ఒక గీత పోసింది.
"బంతి వొద్దు. గీతకి అవతల కొట్టు.
ఇవతల మట్టి రేగితే నాకు సెప్పక్కర్లేదు, నువ్వే సూసుకో."

గీత చెరిగింది. మళ్ళీ పోసింది.
పదకొండుసార్లు ఇవతలే.
కుడికాలు నన్ను వదలనంటుంది,
బాకీ తీరని వాడి ఇంటి ముందు కూర్చున్నట్టు.
పన్నెండోసారి ఎడమ మడమ మీదికి ఒరిగాను,
చేతులు ముందు నడిచాయి,
ఇనుము వెనక వచ్చింది.

ఆమె ఏమీ అనకుండా బంతి పెట్టింది.

టక్.
పచ్చి జామకాయ కొరికినంత చప్పుడు,
ఆ తర్వాతే, ఆ తర్వాత మాత్రమే
నేల నా అరచేతుల్లోకి వచ్చింది.
బంతి ఎటు పోయిందో చూడలేదు.
గుంట చూశాను:
బంతి ఉన్న చోటికి అవతల,
పచ్చ కింద ఎర్రమట్టి,
వేలు పట్టనంత లోతు,
మూతి సరిగ్గా కంబాలకొండ వైపు.

"దీనికి సిటికెడు సాలు"
అని ఇసుక జల్లి పాదంతో ఒత్తింది అసిరమ్మ.
మెచ్చుకోవడం అంతే.
తర్వాతి మూడూ నూతులే.

ఇంటికొచ్చి, మల్కాపురంలో, పంపు కింద
ఐరన్ గాట్లలో ఇరుక్కున్న మట్టిని
అగ్గిపుల్లతో తీస్తూ కూర్చున్నాను.
కాలవలో నేను తవ్విందంతా
ప్రతి ఏడూ సముద్రమే పూడ్చేసేది, అడక్కుండా, జీతం లేకుండా.
అందుకేనేమో ఇన్నేళ్ళూ
తవ్వినవాడి వెనక ఒక మనిషి వంగి ఉంటుందని
నాకు తోచలేదు.

పంపు కట్టేశాను.
రేపు గీత నేనే పోసుకోవాలి,
ఇసుక ఇంటి నుంచే పట్టుకెళ్ళాలి.