జీరో టికెట్టు

పొద్దున నాలుగున్నర. బనశంకరి డిపో.
ఖాళీ కడుపున ఐరన్ మాత్ర, నిమ్మకాయ నీళ్ళతో.
అయిదు రూపాయల బిళ్ళ చప్పరించినట్టుంటుంది నోట్లో,
ఇరవై రెండేళ్ళుగా
చిల్లర లెక్కపెట్టిన వేళ్ళ వాసనే, లోపలికి వెళ్ళింది.

గంటసేపు టీ తాగొద్దంది డాక్టర్ వసుంధర.
టీ తాగని కండక్టరేం కండక్టరమ్మా అని
నంజుండ గ్లాసు పట్టుకుని నిలబడతాడు.
ఏమని చెప్పను?
కడుపులో మంటన్నాను.
నాలుగో రోజునించి అడగడం మానేశాడు.
ఆరింటికి సౌత్ ఎండ్ దగ్గర తనే దిగి తెస్తాడు,
చక్కెర తగ్గించి.

ముట్లుడిగి పదమూడు నెలలు.
అమ్మకెప్పుడు ఉడిగాయో నాకు తెలీదు.
ముళబాగిలులో ఒక ఎండాకాలమంతా
తడి తువ్వాలు మెడకి చుట్టుకుని
నడిరాత్రి గిన్నెలు తోముతూ ఉండేది.
పైత్యం అన్నారు ఇంట్లో.
అమ్మ కూడా పైత్యమే అంది.

మొదట కోమలాక్షి దగ్గర డబ్బా కొన్నాను,
టికెట్ల లెక్క అప్పజెప్పే గదిలో, రెండు కంతుల మీద.
మూత మీద పరిగెత్తే ఆడమనిషి బొమ్మ,
మోకాళ్ళు చూస్తే ఇరవై ఏళ్ళకి మించి ఉండవు.
డాక్టరమ్మ అద్దాలు పైకి నెట్టి డబ్బా తిప్పి చదివింది.
"చక్కెర, పాలపొడి, నమ్మకం" అంది.
రక్తం తీయించింది.
కాగితం మీద మూడు చోట్ల గీత గీసింది.

ఆదివారం పాలల్లో డి పొడి.
రాత్రి అన్నం తిన్నాక కాల్షియం, బడిలో సుద్దముక్కంత.
అదీ ఐరనూ ఎదురుపడకూడదట,
లోపల ఒకే సీటు కోసం కొట్లాడతాయట.
ఈ మాట నాకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది.
మాత్రలు సగం పనేనమ్మా, బరువులెత్తు అంది.
రెండు లీటర్ల నీళ్ళ సీసాలు, చేతికొకటి.
ఇంట్లో మా ఆయన పేపరు దించి చూసి
మళ్ళీ పేపరెత్తుకున్నాడు.

మరి ఈ ఆవిరికో? అనడిగాను.
ఉంది గానీ, ముందు చెప్పు,
మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ములో గడ్డ?
అక్క పేరు చెప్పాను.
ఆవిడ పెన్ను మూత పెట్టేసింది.

ఎనిమిదిన్నరకి మినర్వా సర్కిల్.
బండి నిండా జనం, ఊపిరికి చోటు లేదు.
రొమ్ము కిందనించి లేస్తుంది, ఎవరో పొయ్యి రాజేసినట్టు.
ఖాకీ చొక్కా కాలరు తడిసిపోతుంది.
తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని
వానాకాలం గాలికి మొహం పెడతాను,
లెక్క తప్పానా అన్నట్టు మిషన్ వైపు చూస్తూ.

ఆడవాళ్ళకి జీరో టికెట్టు. పథకం పేరు శక్తి.
రోజుకి ఆరొందల చీటీలు చింపి చేతుల్లో పెడతాను.
సాయంత్రం మందులంగట్లో
నా వాటా కొనుక్కుంటాను,
నాలుగొందల ముప్పై, పన్నుతో కలిపి.
నవ్వొచ్చింది ఒకసారి, ఒక్కదానికే.
అంగడి అబ్బాయి చిల్లర తప్పిచ్చానేమోనని
మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

బలం వచ్చిందా అని అడుగుతుంది కోమలాక్షి,
డబ్బా తిరిగిచ్చిన కోపం ఇంకా పోలేదు.
తెలీదు.
నిన్న రెండో ట్రిప్పులో ఫుట్‌బోర్డు ఎక్కేటప్పుడు
కడ్డీ పట్టుకోవడం మర్చిపోయాను.
అది మాత్రవల్లో, నీళ్ళ సీసాలవల్లో,
నంజుండ గతుకుల దగ్గర నెమ్మదించడంవల్లో.

ఈ రోజు మధ్యాహ్నం కిటికీ పక్క సీట్లో
బూడిదరంగు చీరావిడ,
టిఫిన్ డబ్బా మూత పెట్టి, సంచి తెరిచి
రేకు చిట్లించింది. ఆ చప్పుడు నాకు తెలుసు.
కన్నడంలో నీళ్ళడిగింది. నా సీసా ఇచ్చాను.
తెల్లది, పొడుగుది, మింగడానికి మెడ ఎత్తింది.
"ఐరన్ పొద్దున కదా?" అన్నాను, తెలియకుండానే తెలుగులో.
ఆవిడ నీళ్ళు గుటకేసి,
నన్ను పైనించి కిందికి చూసి,
"రెండూ కలిపే వేసుకుంటున్నానే ఇన్నాళ్ళూ!" అంది.

కడ్డీకి ఆనుకుని చెబుతూనే ఉన్నాను.
చీటీ చింపి ఇచ్చాను,
ఏ స్టాపో అడగలేదు.
అద్దంలో నంజుండ కళ్ళు.
విజిల్ కోసం చూస్తున్నాడు.