బట్ నంబరు నలభై ఒకటి

దోర్నాల అడవి నుంచి జీపులో తెచ్చి
నా బల్ల మీద పడుకోబెట్టారు,
వాతం కమ్మిన ముసలి గిత్తను తోలుకొచ్చినట్టు.
బట్ నంబరు నలభై ఒకటి.
ఎస్సెల్లార్. నాకంటే ఏడాది పెద్దది.

వెంట ఒక కాగితం:
"తూటా ఇరుక్కున్నందున కాల్చలేకపోయితిని."
కింద మాలకొండయ్య సంతకం.
చెయ్యి వణికిందేమో
కొండలో సున్నా ఎగిరిపోయింది.

ఒంగోలు ఆర్ముడు రిజర్వులో
ఇరవై రెండేళ్లుగా ఇదే నా గది.
కిటికీ కొత్తపట్నం వైపు.
రాత్రంతా ఉప్పుగాలి వచ్చి ఇనుమును నాకిపోతుంది,
పొద్దున్నే నూనెగుడ్డతో ఆ ఎంగిలి తుడుస్తాను.

మొరాయించిన తుపాకిని తిట్టమాక పీరా,
అడుగు, అనేవాడు మా ఉస్తాదు.

మొదట మ్యాగజైన్ని అడిగాను.
పెదవులు వంగాయా?
తూటా ముక్కు పైకి చూస్తోందా, కిందికి వాలుతోందా?
స్ప్రింగు నొక్కితే నా బొటనవేలినే ఎదురు తన్నింది.
డమ్మీలు పది పెట్టాను.
పదీ మింగింది, పదీ కక్కింది.

గ్యాసు తక్కువైతే
పిస్టను సగం దూరమే వెనక్కి పోతుంది.
పాత గొట్టం బయటికి పోదు, కొత్త తూటా లోపలికి రాదు,
వాకిట్లో ఇద్దరూ తగులుకుంటారు.
పొగాకు బ్యారన్ గొట్టాలకు పట్టినట్టు
ప్లగ్గులో మసి ఉండాలి లెక్కప్రకారం.
గీకితే గోరంత రాలింది.

ఇక గోరు. పుస్తకంలో ఎక్స్‌ట్రాక్టరు.
బావిలో బొక్కెనను పాతాళగరిగె పట్టినట్టు
పేలిన గొట్టం అంచు పట్టి బయటికి లాగేది.
అరిగిపోతే జారిపోతుంది, ఖాళీది లోపలే ఉండిపోతుంది.
భూతద్దం పెట్టి చూశాను.
జాంపండు కోసం కాచుకున్న చిలక ముక్కు.

పుల్‌త్రూకి చిందీ కట్టి గొట్టంలోంచి లాగాను.
తెల్లగా వచ్చింది.

మల్లా లాగాను.
తెల్లగానే వచ్చింది.

అప్పుడు తూటాలు లెక్కపెట్టాను.
ఇరవై పోయాయి, ఇరవై వచ్చాయి.
ఒక్కదాని అంచు మీద గోరు గీసిన గీత ఉంది.
దాని టోపీ మీద పిన్ను పొడిచిన గుంట లేదు.
అంటే లోపలికి పోయింది, కాసేపు కూచుంది,
ఎవరో నెమ్మదిగా బయటికి పిలిచారు.

క్యాంటీను టీ తెప్పించి అడిగాను:
"ఏం ఇరుక్కుందయ్యా?"

టీ తొరకలు కట్టేదాకా కిటికీనే చూశాడు.
"చెట్టు మీద పొగ కనపడిందన్నా.
కొట్టమన్నారు.
గురి పెట్టాక చూస్తే తేనె కోసేవోడు.
నడుముకి తాడు.
కింద ఆ తాడు ఒకడు పట్టుకోనున్నాడు.
బామ్మర్దే అయ్యుంటాడు,
వాళ్లల్లో ఇంకొకళ్లకి ఇవ్వరంట తాడు."

అంతే చెప్పాడు.
గ్లాసు కడిగి బోర్లించి పోయాడు.

నాకు ఇద్దరు కూతుళ్లు, ఆరేళ్ల సర్వీసు మిగిలుంది.
తలుపు వేసి పట్టుకారు తీశాను.
ఎడమ పెదవిని నూలుపోగంత వంచాను.
డమ్మీలు పెట్టి బోల్టు లాగితే
మూడోది అడ్డం తిరిగి, తల పైకెత్తి
ఇరుక్కుంది.
ఇంత చక్కగా నేనెప్పుడూ ఏదీ చెడగొట్టలేదు.

ఆరై గారు వచ్చి తానే లాగి చూశారు.
"పాత సామాను, పీరా" అన్నారు.
అవునండీ అన్నాను.
రిజిస్టర్లో రాశాను:
మ్యాగజైన్ పెదవి వంగినది. కానిస్టేబులు తప్పు లేదు.

రెండో వాక్యం నన్నెవరూ అడగలేదు.

తర్వాత ఆ పెదవిని మల్లా సరిచేశాను.
జీతం దానికే కదా.
సోమవారం దాన్ని ఇంకో కుర్రాడికి ఇచ్చాను,
మీసం సరిగా రాలేదు, బూట్లు ఒక సైజు పెద్దవి.
"బాగా పనిచేస్తదా సార్?" అన్నాడు.

బాగా పనిచేస్తుంది.
గ్యాసు, గోరు, స్ప్రింగు, అన్నీ చూశాను.
లోపలికి మేత పోతుంది, ఖాళీ బయటికొస్తుంది.
ఎక్కడా ఇరుక్కోదు.

ఆ రాత్రి గాలి కొత్తపట్నం నుంచి కాక
అడవి వైపు నుంచి వీచింది.
లేచి కూచున్నాను,
నూనెగుడ్డ చేత్తో పట్టుకుని.