జాకీ మీద ఇల్లు

బండి కొన్నది మార్చిలో.
అంబులెన్సుగా తిరిగి తిరిగి రిటైరైన టెంపో ట్రావెలర్,
మంగళగిరి దగ్గర వేలంలో.
రెండు కోట్ల తెల్లరంగు వేయించినా
బానెట్ మీద తిరగబడ్డ అక్షరాలు
ఎండ పక్కకు వాలినప్పుడల్లా తేలుతూనే ఉన్నాయి.

ఇప్పుడు ఆగస్టు.
మీటరు మీద పెరిగింది నూట నలభై కిలోమీటర్లు,
అన్నీ పటమట నుంచి ఆటోనగర్‌కి,
ఆటోనగర్ నుంచి పటమటకి.

స్టీరింగు సత్యవేణిది, లిస్టు నాది.
సహకార బ్యాంకులో ఇరవై తొమ్మిదేళ్లు
పక్కపక్క సీట్లలో కూర్చున్నవాళ్లం.
తప్పనిసరివి ఎర్రసిరాతో,
ఆగగలిగినవి నీలంతో రాస్తాను.
నీలానివి రాత్రికి రాత్రి ఎర్రబడతాయి.

ముందు పడుకోడానికి బల్ల అన్నాం.
వీరాచారి టేపు తియ్యలేదు,
సత్యవేణిని చాప మీద పడుకోమన్నాడు.
"కాళ్లు ముడుచుకుంటారా అమ్మా, చాపుకుంటారా?"
అరవై ఏళ్లలో ఆమెను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు.
కాసేపు రేకు కప్పుకేసి చూసి
"చాపుకుంటా" అంది.
ఆ ఒక్క మాటకి తొమ్మిదంగుళాలు,
పద్దెనిమిది వందలు.

బల్ల వచ్చాక దాని కింద ఖాళీ కనబడింది.
ఖాళీ బ్యాటరీని అడిగింది,
బ్యాటరీ ఇన్వర్టర్ని.
గవర్నర్‌పేటలో మూడు షాపులెక్కి దిగి
వంద వాట్లా, నూట అరవయ్యా అని
నడిరోడ్డు మీద పోట్లాడుకుని
పెద్ద సోలార్ పలకే కొన్నాం.
పైన దాన్ని మోసే క్యారియర్ లేదని
ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

నీళ్ల ట్యాంకు వన్‌టౌన్‌లో దొరికింది,
కేటరింగు వాళ్లు వాడి వదిలేసినది.
ఎన్నిసార్లు కడిగినా నీళ్లు లవంగం వాసనే.
మడత స్టవ్వు, మడత కుర్చీలు, మడత బకెట్టు.
"ఇందులో మడతపడనిది మీ ఇద్దరి నోరొక్కటే"
అన్నాడు ఏసోబు, వైరు కొస పళ్లతో ఒలుస్తూ.

కప్పుకి వేలాడే సెలైన్ కొక్కెం కోసేద్దామని
జానీ బాషా గ్రైండరెత్తాడు.
వద్దంది సత్యవేణి.
ఎందుకో చెప్పలేదు.

"ఎప్పుడమ్మా బయల్దేరడం?"
బోండాలబండి సాంబయ్య రోజూ అడుగుతాడు.
ఇంకొక్కటి కొనాలయ్యా, అంటాను.
మారేడుమిల్లి చలికని రగ్గులు కూడా కొన్నాం,
బెజవాడలో వాటిని చూస్తేనే చెమట.
నిజం ఒప్పుకోవాలంటే,
కొంటున్నంతసేపూ వెళ్తున్నట్టే ఉంటుంది.
బిల్లు చింపి చేతిలో పెడితే
టిక్కెట్టు చింపి ఇచ్చినట్టే.
కొనడం అయిపోతే
ఇక రోడ్డు తప్ప ఏమీ మిగలదు.

నిన్న సాయంత్రం
వెనక చక్రం ఊడదీసి, బండి జాకీ మీదుండగా
వాన పట్టుకుంది.
నాలుగో క్రాసు మోకాలి లోతు.
ఆటో రాదు, బేరింగు రాదు.
లేతుల చప్పుడు ఒక్కొక్కటే ఆగి
కరెంటు పోయింది.

మా బండిలో బల్బు వెలిగింది.

ముందు వాచ్‌మన్ వచ్చాడు, తల మీద గోనెసంచితో,
"అమ్మా, ఫోను కాస్త ఛార్జింగు పెడతారా,
ఇంటిదానికి చెప్పాలి."
తర్వాత టైర్లకొట్టు కుర్రాడు.
తర్వాత సామర్లకోట నుంచి వచ్చి చిక్కుకుపోయిన
లారీ డ్రైవరు, అతని క్లీనరు.
ఏడు ఫోన్లు పోగయ్యాయి.
సత్యవేణి వాటిని కూరగాయల సంచిలో వేసి
ఆ కొక్కేనికి తగిలించింది.
తీగలు కిందికి జారి
బొట్టు బొట్టుగా కరెంటు ఎక్కుతోంది.

లవంగం వాసన టీ కాచాను.
బాగుందన్నారు, ఏం వేశారని అడిగారు.

పదకొండింటికి అందరూ పోయాక
పలక మీద వాన వింటూ
ఆవిడ కాళ్లు చాపుకుంది.
తొమ్మిదంగుళాలు సరిగ్గా సరిపోయాయి.
నాకు నిద్ర పట్టలేదు.
బండి వెనక ఒకవైపు కొంచెం ఎత్తుగా ఉంది,
ఘాటు ఎక్కుతున్నట్టు.

పొద్దున్నే లిస్టు తీసి
ఏడు సాకెట్ల పలక ఒకటి, అని రాశాను.
ఎర్రసిరాతో.
చక్రం ఇంకా బిగించలేదు.