ఒగ్గీసిన పట్టె

చంపావతి గట్టునానుకుని మా చేనుకో అంచు ఉంది.
పన్నెండడుగుల వెడల్పు, నాలుగొందల అడుగుల పొడవు.
కొలిచింది నేను కాదు,
రైతు సేవా కేంద్రం పిల్ల హేమసుందరి.
చెప్పులు చేతబట్టుకుని, నోట్లో పెన్ను కరిచి,
టేపు రెండో కొస నా చేతికిచ్చి నడిచింది.

"పదకొండు సెంట్లు, చిన్నాన్నా.
దీన్ని దున్నకుండా ఒగ్గీండి.
వట్టివేరు నాటితే గట్టు కోసుకుపోదు.
సెంటుకి వంద, ఏటేటా మీ ఖాతాలో పడతాది."

నవ్వొచ్చింది నాకు.
దున్నినందుకు ఎవడిచ్చాడు ఏనాడైనా?
గోగునార తడారలేదని కాటా దగ్గర
బండికి అరమణుగు కోసినవాళ్ళనే చూశాను.
చెయ్యని పనికి కూలేమిటి?

మా అమ్మ మంచంలోంచే అంది:
"దున్నొద్దని డబ్బులిచ్చినోడు
రేపు ఉండొద్దనీ ఇస్తాడు.
సూసుకోరా తవిటీ."

సంతకం పెట్టేశాను.

తొలకరికి నాగలి ఆ అంచుకి రాగానే
ఎడ్లు ఎప్పట్లాగే ముందుకి పోయాయి.
ఒప్పందం కాగితం వాటికెవరు చదివి చెప్పారు?
మేడి బలంగా అదిమి, పగ్గం లాగి,
తిట్టి, బతిమాలి తిప్పాను.
నా కాళ్ళు మాత్రం తిరగలేదు,
మా నాన్న ఆఖరి చాలు అక్కడే ఉండేది.

వట్టివేరు పిలకలు గోనెసంచుల్లో వచ్చాయి, సగం ఎండి.
నాటకముందు ఒక ఫోటో, నాటుతుంటే ఒకటి,
నాటాక దుబ్బు మీద చెయ్యేసి ఇంకొకటి.
"నవ్వకండి చిన్నాన్నా, మొహం తెలియాల."

పదకొండు వందలు పడ్డాయి.
ఎనిమిదొందలు పాత బాకీ కింద బ్యాంకే మింగింది.
మిగిలినదానితో ఎడ్లకి కొత్త ముకుతాళ్ళు,
అమ్మకి పావుకిలో బెల్లం జీళ్ళు.
"గడ్డి మొలిపించిన డబ్బా?" అని
ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించింది.

ఎగువ చేను జగ్గులు ఒప్పుకోలేదు.
ఏటి నోటిదాకా దున్నాడు, నువ్వులు చల్లాడు.
ఆశ్వయుజంలో మూడు రాత్రులు కురిసింది.
నాలుగోనాడు వెళ్ళి చూస్తే
వాడి అంచు లేదు.
నా పట్టె మీద జానెడెత్తు ఎర్రమన్ను,
పైన అక్కడక్కడా నువ్వు మొక్కల వేళ్ళు.

గంప పట్టుకొచ్చాడు జగ్గులు.
"నా మన్ను నీ గడ్డిలో ఉందిరా."
"ఉంది."
ఇద్దరం గట్టు మీద కూర్చుని
ఒకే బీడీ చెరో దమ్ము లాగాం.
వాడు ఒక్క గంప ఎత్తుకున్నాడు,
నాలుగడుగులు వేసి, ఏమనుకున్నాడో,
అక్కడే బోర్లించి
ఖాళీ గంపతో పోయాడు.

రెండో ఏటి ఫోటోకి హేమసుందరి వచ్చింది.
ఫోన్ అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"గడ్డి కనిపించట్లేదు చిన్నాన్నా,
మట్టే ఉంది. పైవాళ్ళు తీసుకోరు."
మట్టి ఆపడానికే కదమ్మా నాటమన్నారు?
ఆ పిల్ల తల దించుకుని
వేలితో మట్టి గీకింది.
లోపల పచ్చగా, సూదంత మొన.
దగ్గరగా ఫోటో తీసింది.
పంపింది. తిరిగొచ్చింది.

డబ్బులు పడలేదు.
అమ్మ అడగలేదు.

ఈ తొలకరికి నాగలి కట్టాను.
చంపావతి చప్పుడు వినిపించే చోటికి రాగానే
ఎడ్లు వాటంతటవే తిరిగాయి.
మేడి నా చేతిలోనే ఉంది.
అదమలేదు.