తొమ్మిదీ ఇరవై బండి

వల్పరైసోలో కొండ ఎక్కే తాడుబండికి
టికెట్లు చింపేది నేను.
చెక్కపెట్టె లాంటి బండి. పన్నెండుమంది పడతారు.
నిండినా నిండకపోయినా
పది నిమిషాలకోసారి తాడు లాగి గంట కొట్టాలి.

మెట్ల దగ్గరి కుక్కకి ఐదు పేర్లు.
నాకది బొగ్గు. రొట్టెల కొట్టు నిబాల్దోకి జనరల్.
చేపలమ్మే ఎదువీహెస్‌కి నాయన.
బడిపిల్లలు సోమవారం అని పిలిచేవాళ్లు,
ఎందుకర్రా అంటే
"అది సోమవారంలా నడుస్తుంది కదా" అన్నారు.
బామ్మర్ది అన్న ఐదో పేరు
ఆ పోలీసు పెట్టిందే.

అవును, అతనే. ఈ కొండ మీద కుర్రాడే.
తొలి జీతంతో తల్లికి కుట్టుమిషను కొన్నాడని
వీధి వీధంతా మెచ్చుకుంది.
పోయిన చలికాలం దాకా
బూట్ల ముందు అది వెల్లకిలా పొర్లితే
వంగి పొట్ట గోకేవాడు.

ఆవేళ ఎవరో పెద్దాఫీసరు వస్తాడని
మెట్లన్నీ కడిగించారు.
అది తడిమెట్టు మీదే పడుకుంది.
లేవమన్నాడు. లేవలేదు.
ముసలిది, చెవుడు.

మొదటి దెబ్బ మేమంతా సరసమనుకున్నాం.
రెండోది వినపడింది,
తడిగుడ్డ బండకేసి బాదినట్టు.
మూడోదానికి
అది అతని బూటు నాకింది.

నాలుగోది నేను చూడలేదు.
గడియారం చూశాను.
తొమ్మిదీ ఇరవై.
గంట కొట్టాను.

బండి కదిలింది. లోపల ఏడుగురు,
అద్దాలకి ముఖాలు ఆనించి.
పైకి పోయేకొద్దీ వాళ్లకి
కుక్క పిల్లంత అయ్యుంటుంది, పిడికిలంత,
ఆఖరికి మెట్టు మీద ఆరని మరకంత.
అతనూ చిన్నవాడై ఉంటాడు,
తల్లికి కుట్టుమిషను కొన్ననాటంత చిన్నవాడు.

కింద మేం పద్నాలుగుమందిమి.
లాఠీ ఒక్కటి.
ఈ లెక్క రాత్రుళ్లు వేస్తూనే ఉన్నాను.
ఐదు పేర్లలో ఒక్కటైనా
ఎవరి నోటా పెగల్లేదు.
కుక్కకి వినపడదు, సరే.
అతనికి వినపడేది.

అతను లాఠీ తుడుచుకుని మలుపు తిరిగాకే
మా నోళ్లు మాకు తిరిగొచ్చాయి.
వచ్చినవి అన్నీ ఒక్కసారే వచ్చాయి.
"ఫోను చేతిలోనే ఉందిగా, తీయొద్దూ?"
"తీస్తే రేపు నా కొట్టు లైసెన్సు నువ్వు తెస్తావా?"
"అంత మనిషివి, నిబాల్దో, చెయ్యి పట్టుకోలేకపోయావా?"
"అసలు దాన్ని మెట్ల మీద మేపి మరిపిందెవరు?"

అక్కడ ఆగాయి అందరి చూపులూ.
రోజూ పొద్దున్నే చేపతలకాయ
ఆ మెట్టు మీదే వేసేది ఎదువీహెస్.

తిలాపాపం తలా పిడికెడు.
మా వంతు పిడికెడు ఎవరం ఉంచుకోలేదు,
అంతా కలిపి
ఆమె చేపలగంపలో పోశాం.
నేనూ పోశాను. "నిజమేలే" అన్నాను, మెల్లగా.

ఆమె ఎదురు చెప్పలేదు.
పొలుసులు అంటిన ఏప్రన్ విప్పింది,
కుక్కని అందులో చుట్టింది,
చెవుడని తెలిసీ "నాయనా, నాయనా" అంటూ
నా కిటికీ దగ్గరికొచ్చింది.
పశువుల డాక్టరు ఉండేది కొండ పైన.

"రెండు టికెట్లు," అంది.
"దానికి అక్కర్లేదు," అన్నాను.
ఆ పూట నేను చేసిన సాహసం
అదొక్కటే.

బండిలో వాళ్లిద్దరే.
తొమ్మిదీ ముప్ఫైకి ఇంకా నాలుగు నిమిషాలు.
ఏప్రన్ కింది నుంచి బొట్టు బొట్టుగా
నేను పొద్దున తుడిచిన చెక్క మీదకి.

ఆమె గడియారం వైపు చూడలేదు.
నా వైపు చూసింది.

తాడు నా చేతిలోనే ఉంది.